వాగవతలి గిర్నికి ఏ కరెంటు

2022 వానాకాలం. కోరుట్ల నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద బస్సు దిగి, పొలాల మధ్య కొంత దూరం నడిస్తే మా ఊరు. బడి పక్క సందులో నా పిండి గిర్ని. ముప్పై ఏళ్లుగా నేనే నడుపుతున్నాను. మొదటి పదకొండేళ్లు ఆయిల్ ఇంజన్ మీద, ఆ తరువాత త్రీ ఫేజ్ మోటరు మీద. త్రీ ఫేజ్ అంటే మూడు తీగల మీద వచ్చే కరెంటు, పెద్ద మోటర్లు దాని మీదే తిరుగుతాయి. ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్. బల్బులు, ఫ్యాన్లు, ఒక చిన్న మోటరు, అంతవరకే దాని శక్తి. నేను చదివింది మూడో తరగతి. అయినా ఏ కరెంటు ఎంత తిని ఎంత పని చేస్తుందో నాకు చెవితోనే తెలుస్తుంది. మోటరు చప్పుడు మారితే తింటున్న అన్నం ముందు నుంచి లేచి వస్తాను.

ఆ రోజు ముసురు. వాగవతలి గూడెం నుంచి సరిత నెత్తి మీద డబ్బా, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పుకొని వచ్చింది. మాకు డబ్బా అంటే పదిహేను కిలోల నూనె డబ్బా. అదే మా కొలత. పిండి పట్టించుకొని కూడా పోకుండా గోడకు ఆనుకొని నిలబడింది. గూడెంలో గిర్ని పెట్టడానికి మహిళా సంఘం అప్పు ఇస్తానందని, ఏ కరెంటు మీద పెట్టేదీ నెలాఖరుకల్లా రాసివ్వమన్నారని చెప్పింది.

"నా గిరాకి గుంజుకపోతానని నన్నే అడగవడితివా?" అన్నాను.

"నీకు చెప్పకుంట పెడితె తప్పు గని, చెప్పి పెడితె ఏం తప్పవ్వా?" అంది. నవ్వలేదు. దగ్గు వచ్చి పక్కకు తిరిగింది.

ఆ దగ్గు గురించి చెప్పాలి. సరిత పన్నెండేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టింది. జగిత్యాల డాక్టరు ఫోటో తీసి చూసి, తంబాకు ఇంట్లో కూడా ఉండొద్దని గట్టిగా చెప్పాడట. ఆమె భర్త రాజేశం గల్ఫ్‌లో పైనుంచి పడి నడుము విరగ్గొట్టుకొని వచ్చాడు. కూర్చోగలడు, నడవగలడు, బిందెడు నీళ్లు ఎత్తలేడు. భూమి లేదు. ఇద్దరు ఆడపిల్లలు బడిలో ఉన్నారు. గిర్ని నిలబడితే ఆమె తంబాకుకు దూరంగా ఉంటుంది. పడిపోతే మళ్లీ బీడీల చాట ముందేసుకొని కూర్చోవాలి. రెండు కిస్తులు వరుసగా తప్పితే సంఘం మిషన్ తీసుకొని ఇంకొకరికి ఇస్తుంది. ఇదంతా ఎత్తుకొని ఆమె నా నోటి మాట కోసం వచ్చింది.

గూడెం వాళ్లు ఇరవై కుటుంబాలు. పిండికి అందరూ నా దగ్గరికే వస్తారు. అందుకే సలహా ఇవ్వడానికి ఒప్పుకున్న నాటి నుంచీ నాకు లోపల ఒకటే గుబులు. చవకది చూపితే పడిపోవాలని చూపాననుకుంటారు, ఖరీదైనది చూపితే అప్పులో ముంచాననుకుంటారు. నేను అలా చేసే మనిషిని కాను. కానీ కాదని నాకు నేనే నాలుగుసార్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటే ఎక్కడో అనుమానం ఉన్నట్టే కదా.

ముందు కోరుట్లలో ఒక పాత ఆయిల్ ఇంజన్ చూశాం. కొనడానికి అన్నిటికంటే చవక. అయితే దాన్ని నడిపిన చేతులు నావి. లీటరు డీజిల్‌కు నాలుగు డబ్బాలు ఆడితే, అందులో ఒకటిన్నర డబ్బా కూలి డీజిలుకే పోతుంది. పైగా హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. ఒక్కోసారి అది వెనక్కి తన్నుతుంది. నా కుడి మణికట్టు ఇప్పటికీ చలికాలం నొస్తుంది. రాజేశం తిప్పలేడు, దగ్గుతో సరిత తిప్పలేదు. పొగ సంగతి సరేసరి. దాన్ని వదిలేశాం.

జగిత్యాలలో సోలార్ దుకాణానికి పోయాం. అతను మంచివాడే, చల్లటి నీళ్లు ఇప్పించాడు. పలకలు, వాటికి తగిన చిన్న గిర్ని, అన్నీ కలిపి ధర చెప్పాడు. నేను మనసులో డబ్బాల్లోకి మార్చుకున్నాను. రోజుకు ఆరు డబ్బాల చొప్పున ఆడితే ఖర్చులు పోను తీరడానికి నాలుగేళ్లు. అతను "సూర్యుడు బిల్లు పంపడమ్మా" అన్నాడు.

"బిల్లు పంపకుంటె పాయె, మబ్బును పంపుతడు గదా. మబ్బు పట్టిననాడు నువ్వచ్చి తిప్పుతవా?" అన్నాను. సరిత చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బ్యాటరీలు పెట్టుకోవచ్చన్నాడు. బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందని అడిగితే ముందు ధర సంగతి మాట్లాడుకుందామన్నాడు. లేచి వచ్చాం.

త్రీ ఫేజ్ లైను అన్నిటికన్నా దిట్టం. అయితే పొలాల దగ్గర ఉన్న లైను నుంచి గూడెం దాకా ఎనిమిది స్తంభాలు నాటాలి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఆ ఖర్చు అడిగినవాళ్లదే. ఎప్పుడు వేస్తారో తెలియదు. వేశాక గిర్ని ఆడినా ఆడకపోయినా నెలనెలా కొంత కట్టాలి. పొలం మోటర్ల కరెంటుకు కొక్కెం తగిలించుకోవచ్చని గూడెంలో ఒకరు సలహా ఇచ్చారట. ఆ మాట ఇంకోసారి నా ముందు ఎత్తొద్దన్నాను.

మిగిలింది గూడెంలో ఇప్పటికే ఉన్న ఇంటి కరెంటు. మూడు హెచ్‌పీ దాటకుండా పెట్టుకోవచ్చని లైన్‌మన్ చెప్పాడు. హెచ్‌పీ అంటే మోటరు బలం. నా గిర్ని పది హెచ్‌పీ. మూడు హెచ్‌పీతో డబ్బా ఆడడానికి అరగంట పడుతుంది. పడనీ అనుకున్నాను. స్తంభాలు అక్కరలేదు, డీజిల్ అక్కరలేదు, మబ్బుల భయం లేదు. ఒక మధ్యాహ్నం గూడేనికి పోయి సరిత ఇంట్లో బల్బు వేసి చూశాను. తెల్లగా, నిండుగా వెలిగింది. ఇంకేం కావాలి? సింగిల్ ఫేజే అని చెప్పాను. నేను చెప్పిందే ఆమె సంఘానికి రాసిచ్చింది.

దసరా ముందు గిర్ని పెట్టారు. రెండు వారాలు బాగా ఆడింది. మూడో వారం సరిత ఫోన్. మోటరు నుంచి పొగ వస్తోందని చెబుతూ ఏడుస్తోంది. వెంటనే స్విచ్ తీసెయ్యమన్నాను. తరువాత గూడెం పోయి ఆ మోటరు మూత దగ్గర ముక్కు పెట్టాను. కాలిన వార్నిష్ వాసన. వైండింగ్ పోయింది. వైండింగ్ అంటే మోటరు లోపల చుట్టిన రాగితీగ. అది పోతే మొత్తం విప్పి కొత్తగా చుట్టాలి.

కోరుట్లలో చుట్టేవాళ్లు లేక కాదు. కానీ నా మోటర్లు ఎప్పుడూ సిరిసిల్ల యాకూబ్ దగ్గరికే పోతాయి. సాంచెల, అంటే మరమగ్గాల, మోటర్లు చుట్టీ చుట్టీ అతని చేతికి కళ్లు వచ్చాయి. సరితా నేనూ మోటరును గోనెసంచిలో కట్టి బస్సులో పెట్టుకొని పోయాం. అతను చుట్టి ఇచ్చాడు. బేరింగులు కూడా మార్పించాను. ఇక భయం లేదనుకున్నాం.

నెల తిరగకముందే మళ్లీ కాలింది.

ఈసారి ఫోన్ మోగినప్పుడు తెర మీద ఆమె పేరు చూసి తీయడానికి నాకు చేయి రాలేదు. మోగి మోగి ఆగిపోయింది. నేను అలాంటి పని ఎప్పుడూ చేయలేదు. కాసేపటికి నేనే చేశాను. మొదటి మరమ్మతుకే ఒక కిస్తు కట్టలేకపోయారు. ఇప్పుడు రెండో కిస్తు దగ్గరపడింది. ఇంకో పదిహేను రోజుల్లో కట్టకపోతే మిషన్ పోతుంది. గూడేనికి పోతే గుమ్మంలో బీడీల తునికాకు తడిపి పెట్టి ఉంది. సరిత దాన్ని చాటతో కప్పబోయింది. నేను చూశాను. పిల్లలు చుడుతున్నారని రాజేశం అన్నాడు. చుట్టేది ఎవరో ఆమె గోళ్లు చూస్తే తెలుస్తోంది.

రాజేశం నా వైపు చూడకుండానే, "ఎటైతె ఏందవ్వా, నీ గిరాకి నీకు మళ్లచ్చె" అన్నాడు.

సరిత అతన్ని కసిరింది. అతను అన్నది అబద్ధం కాదు. గిర్ని ఆగినప్పటి నుంచి గూడెం ఆడవాళ్లు మళ్లీ డబ్బాలెత్తుకొని నా దగ్గరికే వస్తున్నారు. వాళ్లు ఇచ్చిన కూలి నా కొంగులోనే ఉంది.

సిరిసిల్లలో యాకూబ్ ఈసారి వెంటనే చుట్టడం మొదలుపెట్టలేదు. కాలిన తీగలు వేలితో విడదీసి చూశాడు.

"లోడుతోని కాలలే అవ్వా. ఓల్టేజీ అందక కాలింది. రెండుసార్లు గిట్లనే కాలిందంటె తప్పు మోటర్ది గాదు. మీరు ఏ టైముల నడుపుతున్రు?"

సరిత సాయంత్రమని చెప్పింది. పొద్దున ఎందుకు నడపరని అడిగితే ఎవరూ రారంది.

ఓల్టేజీ అంటే కరెంటు తోసే బలం. అది తగ్గినా రాయి బరువు తగ్గదు. మేత తగ్గించి అదే బండి లాగించినట్టు మోటరు లోపల కుతకుత ఉడుకుతుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ నేను బల్బు చూసింది మధ్యాహ్నం. మధ్యాహ్నం గూడెంలో మనుషులే ఉండరు, అందరూ పనికి పోతారు. ఎవరూ వాడని కరెంటు నిండుగానే ఉంటుంది. ముప్పై ఏళ్ల అనుభవం ఉండి ఏ వేళకు చూడాలో నాకు తోచలేదు.

అయినా ఒకటి అర్థం కాలేదు. పగలంతా ఇళ్ల దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్లు అయిదారుగురు ఉంటారు. వాళ్లు పగలు ఎందుకు రారు? రెండోసారి చుట్టించిన మోటరు బిగించాక, ఆ ఒక్క రోజు నా గిర్ని మూసి, పొద్దున్నే గూడెం పోయి సరిత గిర్నిలో గోడవారగా కూర్చున్నాను.

తొమ్మిదైంది. పదైంది. బల్బు నిండుగా వెలుగుతోంది, రాయి ఖాళీగా ఉంది. ఒక ముసలామె డబ్బా చంకనెత్తుకొని వచ్చింది. గుమ్మంలోంచే గిర్ని మూతి కేసి చూసింది. పిండి రాలడం లేదు. "మల్లస్త" అని తిరిగిపోయింది. ఇంకొకామె వచ్చి అలాగే చూసి పోయింది. సరిత పిలవలేదు. నాకు కోపం వచ్చింది. వచ్చిన గిరాకిని ఇలా పంపిస్తే గిర్ని ఎట్లా బతుకుతుందని గట్టిగానే అడిగాను. ఆమె జల్లెడ దులుపుతూ ఉండిపోయింది.

సాయంత్రం అయిదున్నరకు అందరూ ఒక్కసారే వచ్చారు. తొమ్మిది డబ్బాలు. వరుసలో ఎవరూ ముందు నిలబడలేదు. ముందుగా ఒక్కొక్కరు తమ డబ్బాలోంచి దోసెడు గింజలు తీసి గిర్ని బుట్టలో పోశారు. తొమ్మిది దోసిళ్లు అయ్యాక సరిత స్విచ్ వేసింది. అదే వేళకు గూడెంలో లైట్లు పడ్డాయి, టీవీలు పడ్డాయి, చీకటి పడకముందే మడి తడుపుకోవాలని పొలాల మోటర్లూ పడ్డాయి. బల్బు ఎర్రబడింది. మోటరు చప్పుడు బరువెక్కింది. నేను లేచిపోయి స్విచ్ తీసేశాను. ఆడవాళ్లు గొణిగారు. అందరూ పోయాక సరితను అడిగాను, ఆ దోసిళ్ల సంగతి ఏమిటని.

"నీ గిర్నిల పొద్దుగాల్ల మొదటి డబ్బ ఎవల్ది పోస్తుంటివి అవ్వా?" అంది.

"ఎవలు ముందటస్తె వాళ్లది."

"ముందటచ్చేది మేమే గదా. గంత దూరం నడిచి మేం ముందటస్తుంటిమి. గిర్ని ఎనుక ఇండ్లోల్లు అరుగుమీద కూసోని మా కోసమే సూస్తుండిరి. రాయి మా పిండితోని నిండుతుండె. ఇంటికివోయి తూస్తె రోజు సోలెడు తక్కువ. ఇక్కడ గట్ల ఎవల మీద ఎయ్యాలె నేను? అందరు మనోల్లే."

గిర్ని గురించి తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. రెండు రాళ్ల మధ్య కొంత పిండి ఎప్పుడూ నిలిచిపోతుంది. దాన్ని వెనక వచ్చే పిండి నెడుతుంది. ఎలుకలు, పురుగు చేరకుండా సాయంత్రం రాయి విప్పి ఊడుస్తాం కాబట్టి ప్రతి పొద్దునా రాయి ఖాళీగానే ఉంటుంది. మొదట పోసినవాళ్ల పిండి, సరిత చెప్పిన ఆ సోలెడు, అందులోకి పోతుంది. చివరికి ఊడ్చిన పిండి గిర్ని మనిషిది. నా గిర్నిలో ఊడ్చిన పిండి ఇన్నేళ్లూ నా బర్రెల కుడితిలోకి పోయింది.

అబద్ధం ఆడను. అరుగు మీద వాళ్లు ఎందుకు కూర్చునేవారో నాకు తెలుసు. ముందు వచ్చినవాళ్లకు ముందు అన్నది న్యాయమైన మాటే కదా అని నేను దాని చాటున నిలబడ్డాను. సరిత నోటితో విన్నాక ఆ మాట చాటున నిలబడడానికి చోటు మిగల్లేదు. గూడెం వాళ్లకు సొంత గిర్ని ఎందుకు కావాలో కూడా అప్పుడే తెలిసింది. నేను దూరం తగ్గుతుందనుకున్నాను. వాళ్లు ఈ సోలెడు పిండి లెక్క చూశారు. కరెంటు ఖర్చూ డీజిల్ ఖర్చూ డబ్బాల్లో కొలిచాను గానీ, ఈ సోలెడును నేను ఏ వైపూ వేయలేదు.

మర్నాడు నా ఇంటి నుంచి ఒక సంచి జొన్నలు పంపుతానని, రోజూ పొద్దున వాటితో రాయి నింపమని చెప్పాను. సరిత ఒప్పుకోలేదు.

"నీ జొన్నలు ఎన్నొద్దులొస్తయవ్వా. అయిపోయిన్నాడు మల్ల గదే పంచాది. మేం ఎట్లన్న ఏస్తున్న దోసెడే, పొద్దుమూకి ఏసేది ఒక పూట ముందుగాల కుండల ఏస్తె అయిపోదా?"

నాకు తట్టనిది ఆమెకు తట్టింది. గింజలు తెచ్చిన ప్రతిసారీ ఒక్కొక్కరు దోసెడు గిర్ని దగ్గరి కుండలో వేయాలి. మర్నాడు పొద్దున కుండలోని గింజలతో రాయి నింపుతారు. అప్పుడు మొదటివాళ్లంటూ ఎవరూ ఉండరు. ఇంకో చిక్కు మిగిలింది. పనికి పోయేవాళ్లు పగలంతా గిర్ని దగ్గర నిలబడలేరు. ఎవరి గింజల ముందు వాళ్లే నిలబడాలని నేనే సరితకు నేర్పాను, నా గిర్నిలో అది రాయి లాంటి నియమం. ఆ నియమాన్ని నేనే తీసేయమన్నాను. డబ్బాకు ఎవరి గుడ్డ వాళ్లు కట్టి, ఎవరి ముడి వాళ్లు వేసి పొద్దున దింపి పోవాలి. వాటి దగ్గర రాజేశం కూర్చోవాలి. ముడి అతను విప్పడు, సరిత విప్పి పోసేటప్పుడు ఆ ఇంటి మనిషి ఒకరైనా, పక్కింటి బీడీల ఆమె అయినా చూడాలి. లైట్లు పడే వేళకు ఎవరు వచ్చినా సరే, గిర్ని బంద్.

మొదటి రెండు రోజులు రెండు డబ్బాలే దిగాయి. కిస్తుకు ఇంకా తొమ్మిది రోజులు. మూడో రోజు నాలుగు. నేను రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి, ఎన్ని డబ్బాలని కాక, బల్బు ఎట్లా ఉందని అడిగేదాన్ని. ఎన్ని అని అడగడానికి భయం. అయిదో రోజు రాజేశం ఫోన్ ఎత్తాడు. "ఏడు డబ్బలు దిగినయ్, ఒకామె ముడి నాకే ఇప్పుమన్నది, నేను ఇప్పలే" అన్నాడు. ఆ మాట చెప్పడానికే ఫోన్ ఎత్తినట్టుంది.

కిస్తు చివరి రోజున కట్టారు. సగం పిండి కూలి, సగం పిల్లల కాళ్ల పట్టీలు కుదువపెట్టి. ఆ తరువాతిది పూర్తిగా గిర్ని నుంచే వచ్చింది. తునికాకు చాట గుమ్మంలోంచి పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. దగ్గు పూర్తిగా పోలేదు. తగ్గింది. ఆ మోటరు ఇంకా కాలలేదు.

నా గిర్నిలో కూడా ఇప్పుడు పొద్దున మొదటి గింజలు నావి. ఊడ్చేది నేనైనప్పుడు పోసేదీ నేనే కావాలి. బర్రెలకు తేడా ఏమీ తెలియలేదు.

పోయిన ఏడు సరితా నేనూ మళ్లీ జగిత్యాల సోలార్ దుకాణానికి పోయాం. గిర్ని పగలే ఆడుతున్నప్పుడు ఎండతో ఆడితే ఏమని ఆమె అడిగింది. సాయంత్రం ఆడే గిర్నికి పనికిరానిది పగలు ఆడే గిర్నికి పనికివస్తుంది. వేళ మారితే నేను వేసిన లెక్కంతా తలకిందులైంది. ముసురు పట్టిన రోజు ఇంటి కరెంటు ఎలాగూ ఉంది. దుకాణం అతను నన్ను గుర్తుపట్టి మబ్బు మాట ఎత్తాడు. నేను నీళ్లు తాగుతూ కూర్చున్నాను, సరితే బేరమాడింది. ఇంకా కొనలేదు. సబ్సిడీ కాగితాలు ఎక్కడో ఆగాయి.

నన్ను సలహా అడగడానికి ఇప్పటికీ మనుషులు వస్తుంటారు. డీజిలా, సోలారా, స్తంభాలు వేయించుకోవాలా అని. నేను ధరలు చెప్పను. ఒక్కరోజు పొద్దున్నుంచి లైట్లు పడేదాకా మీరు గిర్ని పెట్టబోయే జాగాలో ఊరికే కూర్చోండి, ఎవరు ఏ వేళకు వస్తారో, ఎవరు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతారో చూడండి, పోయినవాళ్ల ఇంటికి పోయి ఎందుకు పోయారో అడగండి, అప్పుడు రండి అంటాను. ముసల్దానికి చాదస్తం అనుకొని చాలామంది మళ్లీ రారు. అలా చూసి వచ్చినవాళ్లకే పీట వేసి లెక్క మొదలుపెడతాను.